ఎరుపు కనిపించని కెమెరా

ఆ శ్రావణ శుక్రవారం ఉదయం లాల్‌దర్వాజాలోని సదాశివ ఇంట్లో కాగుతున్న నెయ్యి వాసన వాకిలి దాకా వచ్చింది. రాత్రి కురిసిన వానకు వాకిట్లోని దానిమ్మచెట్టు కడిగినట్టుగా ఉంది. ట్రెజరీ ఆఫీసులో పనిచేసి రిటైరైన సదాశివ అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చున్నాడు కాని చదవడం లేదు. వచ్చే గురువారం ఆయన గుండెకు ఆపరేషన్. ఆ విషయం ఇంట్లో ఎవరూ మాట్లాడుకోవడం లేదు. అందరూ దాని చుట్టూ తిరుగుతున్నారు.

ఆయన భార్య అలివేలు తలస్నానం చేసి, ముదురు ఎరుపు పట్టుచీర కట్టుకుని, నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ పెట్టుకుంది. ఆ సంవత్సరం ఆమె పేరంటానికి మామూలు కన్నా ఎక్కువ మందిని పిలిచింది. ఎందుకో అందరికీ తెలుసు.

వంటింట్లో తెల్లవారుజాము నుంచీ ఉన్నది చంద్రమ్మ, సదాశివ చెల్లెలు. ఇరవై రెండో ఏట భర్త పోతే పుట్టింటికి వచ్చిన ఆమెకు ఇప్పుడు అరవై. శనగలు నానబెట్టేదీ, బూరెలు వేసేదీ ఆమే. వాటిని వాయనంగా ఇచ్చే చేతులు మాత్రం వేరు. విధవ అన్న మాటను ఆ ఇంట్లో ఎవరూ పలకరు. పలకవలసిన అవసరం రానంత పకడ్బందీగా ఏర్పాట్లు ఉంటాయి. సదాశివ మంచివాడని వాడకట్టంతా చెబుతుంది. చెల్లెల్ని ఆయన ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఆమె తరఫున కూడా ఏనాడూ ఒక్క మాట అనలేదు.

"వేదా, నీ కెమెరా బాగై వచ్చిందంట గద?" అని కోడల్ని అడిగింది అలివేలు. "పేరంటం అయినంక నాయి రెండు ఫోటోలు దియ్యి. మీ మామ దవాఖానకు పోయే ముందుగాల మంచి ఫోటో ఒక్కటన్న ఇంట్ల ఉండాలె."

కోడలు వేదశ్రీ ఆడపిల్లల కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. "బాగై రాలేదత్తమ్మా, మారి వచ్చింది. ఇగ దాంట్ల రంగులు రావు" అంది.

"రాకుంటె ఏమాయె? మా పెండ్లి ఫోటోలు గూడ నలుపు తెలుపే గద. అండ్ల నా బొట్టు ఎంత నల్లగ, ఎంత మంచిగ పడ్డదో చూడలేదా?"

బ్యాంకుకు బయలుదేరుతున్న కొడుకు మాధవ్ చెప్పులు వేసుకుంటూ నవ్వాడు. "అమ్మా, నీ కోడలు మంచిగున్న కెమెరాకు ఆపరేషన్ చేయించుకోని వచ్చింది. మామిడిపండు ఫోటో తీస్తె కోడిగుడ్డు లెక్క వస్తది. ఇంట్ల ఉన్నదే ఒక్క కెమెరా!"

"నీకు మామిడిపండు ఫోటో ఎప్పుడన్న అవసరం పడ్డదా?" అంది వేదశ్రీ.

"పడకపోవచ్చు. పడితే?"

మాధవ్ వేళాకోళంలో నిజం లేకపోలేదు. కెమెరా లోపల, వెలుగును పట్టే ఫలకానికి ముందు ఒక సన్నని గాజుపలక ఉంటుంది. మన కంటికి ఆనని పరారుణ కాంతిని అది ఆపేస్తుంది, ఫోటోలోని రంగులు మనం చూసే రంగుల్లా ఉండడం కోసం. వేదశ్రీకి కావలసింది అది ఆపేసే కాంతే. పచ్చని ఆకు ఆ కాంతిని వెనక్కి చిమ్ముతుందని పాఠంలో చెప్పీ చెప్పీ, ఒకనాడు కళ్ళతో చూడాలనిపించింది ఆమెకు. నాలుగేళ్ళుగా లెన్సు ముందు నల్లని ఫిల్టర్ బిగించి, స్టాండు మీద కెమెరా నిలబెట్టి, లోపలి గాజును దాటి బొట్టుబొట్టుగా కారే ఆ కాస్త కాంతి కోసం క్షణాల తరబడి ఊపిరి బిగబట్టి నిలుచునేది. గాలి వీస్తే కొమ్మ పొగలా అయిపోయేది. నడిచే మనిషి అసలు పడేవాడే కాదు. పురానాపూల్ వంతెన మీద కిటకిటలాడే పొద్దున ఆమె తీసిన ఫోటోలో రాతి కమానులు మాత్రమే ఉండేవి. ఆ నాలుగేళ్ళ ఆమె హైదరాబాదులో ఒక్క మనిషీ లేడు.

అయినా అవి చూసినవాళ్ళు మాట్లాడటం మానేసేవారు. సమాధుల తోటలోని చింతచెట్టు వెన్నెల్లో కాచిన పత్తిలా, ఆకాశం బావి నీటిలా ఉండేది. సెలవుల్లో ఎండ మాడ్చే వేళ, ఇతరులు నీడకు పరుగెత్తే వేళ, ఆమె స్టాండు మోసుకుంటూ వెళ్ళేది. ఆ పట్టుదలను ఇంట్లో పిచ్చి అన్నారు. మగవాడికి ఉంటే అదే సాధన అనేవారు.

చివరికి ఆమె తెగించింది. కోఠీలో ఒక మెకానిక్ చేత లోపలి గాజును తీయించి, దాని స్థానంలో పరారుణ కాంతిని మాత్రమే లోపలికి పంపే పలకను వేయించింది. ఇక ఆ కెమెరా మామూలు ఫోటోలు తీయదు. వెనక్కి మార్చడం అయ్యే పని కాదని మెకానిక్ రెండుసార్లు చెప్పాడు. బదులుగా స్టాండు అక్కర్లేదు, ఎదురుచూపు అక్కర్లేదు. చేత్తో పట్టుకుని, రెప్పపాటులో, కదిలే కొమ్మనూ నడిచే మనిషినీ పట్టవచ్చు. అంటే ఆమె మొదటిసారిగా మనుషుల్ని తీయగలదు.

మొదట ఎదురుపడ్డ మనిషి ఆమె అత్తగారు.

మధ్యాహ్నానికి ఎండ కాసింది. కాళ్ళకు పసుపు రాయించుకున్న ఆడవాళ్ళంతా వెళ్ళిపోయాక అలివేలు దానిమ్మచెట్టు పక్కన అరుగు మీద కూర్చుని, కొంగు సర్దుకుని, "ఇగ దియ్యి" అంది. వేదశ్రీ కెమెరా కంటికి ఆనించింది. కంటితో చూసే ఆ రంధ్రంలో అన్నీ మామూలుగానే కనిపిస్తాయి: ఎర్ర చీర, ఎర్ర బొట్టు, పచ్చ గాజులు. మార్పంతా మీట నొక్కిన తరువాత, లోపల. వెనక బుల్లి తెర మీద బొమ్మ రాగిరంగు మరకలా పడుతుంది; ఎండలో అదీ సరిగా కనిపించదు.

ఆ సమయంలోనే చంద్రమ్మ ఖాళీ పళ్ళేలు తీసుకుపోవడానికి వచ్చి, ఫోటో తీస్తున్నారని గమనించి, తలుపు దగ్గర ఆగింది. వేదశ్రీ మీట నొక్కింది. అలివేలు చూపు ఆడబిడ్డ మీద పడింది. చంద్రమ్మ మరుక్షణమే లోపలికి తప్పుకుంది. ఫోటో తీసేటప్పుడు తప్పుకోవడం ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆదివారం ఉదయం వేదశ్రీ నలుపు తెలుపుల్లో పెద్ద ప్రింటు ఇంటికి తెచ్చింది. తీసినవాటిలో అదే శ్రేష్ఠమైనది గనుక అదే వేయించింది. కళాదృష్టితో చూస్తే ఆమె ఎంపికలో తప్పు లేదు. దానిమ్మ ఆకులు ఒక్కొక్కటీ వెండి రేకులా నిలిచాయి. నల్లని ఆకాశం కింద, మెత్తని తెల్లని వెలుగులో, ఒక స్త్రీ కూర్చుంది, ఒక స్త్రీ నిలుచుంది. ఇద్దరి ముఖాల్లోనూ వయసు తాలూకు గీతలు కరిగిపోయి కళ్ళు మాత్రమే గాఢంగా మిగిలాయి. ఎదురింటి లక్ష్మీకాంతమ్మ అప్పటికే వచ్చి అలివేలు పక్కన కూర్చుని ఉంది. ప్రింటును ముందుగా అందుకున్నది ఆమే.

"అబ్బ, ఎంత సక్కదనమొచ్చిందే పిల్లా!" అంటూ కళ్ళజోడు సవరించుకుంది. "నిలబడ్డది చంద్రమ్మ. కూసున్నది..." మళ్ళీ చూసింది. "ఇదేంది, ఇద్దరు చంద్రమ్మలున్నరు?"

అలివేలు ప్రింటు లాక్కుంది. తెల్లచీరలో తానే. నుదురు నున్నగా, ఖాళీగా ఉంది.

"నా బొట్టేది?"

వేదశ్రీకి అప్పుడు తట్టింది. ఆమె ముఖం పాలిపోయింది. "ఉన్నదత్తమ్మా. ఈ కెమెరాకు కుంకుమ..."

"నా బొట్టేదని అడుగుతున్న!"

"కుంకుమ గూడ ఆకు లెక్కనే ఆ వెలుగును వాపస్ పంపిస్తది. అందుకే తెల్లగ పడ్డది. చీర గూడ చూడున్రి, అంత ముదురు ఎరుపు ఎట్లయిందో. తప్పు నాదే. ఇన్నేండ్లు చెట్లనే తీసిన గనుక నాకు ఈ సంగతి తట్టలేదు."

"చెట్లకు మొగుళ్ళుండరు గద, ఎట్ల తడ్తది!" అంది అలివేలు. "పైవారం మీ మామ బల్ల మీద పండుకుంటడు. నువ్వు ఈవారమే నన్ను తయారు చేసి పెట్టినవ్."

"ఆపరేషన్ ముంగట గిదేం శకునం తల్లీ!" అని లక్ష్మీకాంతమ్మ తన వంతు అందించింది.

మాధవ్ లోపలి నుంచి వచ్చి ప్రింటు చూశాడు. చదువుకున్నవాడు, శకునాలు నమ్మనని ఆఫీసులో చెప్పుకునేవాడు. "నేను ముందే చెప్పిన్నా లేదా? అమ్మా, నువ్వు ఏడ్వకు. ఆ కెమెరాను ఇయ్యాల్నే ఎవనికన్న ఇచ్చేస్త. బాపు తిరిగొచ్చేటాల్లకు అది ఇంట్ల ఉండదు."

"అది నాది మాధవ్."

"నీదైతె? అమ్మ కన్న ఎక్కువనా?"

"ఎక్కువ తక్కువల మాట కాదు. నాలుగేండ్లు ఎండల నిలబడి, ఇగో ఇప్పుడు మనిషి మొఖం తీయగలిగిన. రెండు రోజులు గూడ కాలేదు, ఇచ్చెయ్యమంటవా?"

అరుగు మీద సదాశివ పేపరు మడిచాడు, మళ్ళీ విప్పాడు.

అలివేలు ప్రింటును కోడలి ముఖానికి దగ్గరగా పట్టింది. "ఏం మొఖం తీసినవ్? చూడు! ఈ మొఖం పెట్టుకోని ఏ ఆడది బతుకుతది? చెప్పు, ఏ ఆడది బతుకుతది?"

"బతుకొచ్చు వదినె."

గుమ్మంలో చంద్రమ్మ. చేతుల్లో చాయ్ గ్లాసుల పళ్ళెం ఉంది.

"నేను బతుకుతలేనా?"

అందులో ఎత్తిపొడుపు లేదు. కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టుగా అంది. పళ్ళెం స్టూలు మీద పెట్టి, ఒక గ్లాసు లక్ష్మీకాంతమ్మ వైపు జరిపి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. లక్ష్మీకాంతమ్మ చాయ్ తాగకుండానే లేచింది. అలివేలు ప్రింటును బల్ల మీద బోర్లా పెట్టి, తన అర్రలోకి పోయి తలుపు వేసుకుంది.

మధ్యాహ్నం భోజనాలకు ఆమె రాలేదు. వేదశ్రీ కెమెరాను సంచిలో పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. ప్రింటు చంద్రమ్మ ఒడిలో ఉంది.

"చిన్నత్తమ్మా, నేను ఇచ్చేస్త. ఈ కెమెరా వల్ల మీకు గూడ మాట పడ్డది."

"నాకేం మాట పడలె. ఎందుకిస్తవ్?" చంద్రమ్మ ప్రింటు మీద నుంచి చూపు తీయలేదు. "పెండ్లి ఫోటో ఒకటి మా అత్తగారింట్ల ఉండె. వాండ్లు ఇయ్యలె. ఆ తర్వాత నాది ఒక్క ఫోటో లేదు. ఎవరు ఫోటో దిగినా నేను తలుపెన్క ఉంటి." తడి చేతిని కొంగుకు తుడుచుకుని, వేలితో కాగితం మీద చూపించింది. "ఇగో, చూడు. వదినె మీద ఎంత వెలుగు పడ్డదో నా మీద గూడ గంతే పడ్డది. గిది చెడ్డ కెమెరా ఎట్లయితదమ్మా?"

నాలుగేళ్ళలో తన ఫోటోల గురించి ఎందరో మెచ్చి మాట్లాడారు. ఇంత సూటిగా చెప్పినవారు లేరని వేదశ్రీకి అనిపించింది. ఆమె కళ్ళు నిండాయి.

వెనక అలికిడి అయింది. అలివేలు. ఏడ్చి ఉబ్బిన ముఖంతో వచ్చి, పీట లాక్కుని చంద్రమ్మ ఎదురుగా కూర్చుంది. చెయ్యి చాపితే చంద్రమ్మ ప్రింటు ఇచ్చింది.

"ఆనాడు నిన్ను ఈ ఇంటికి తీస్కొచ్చినప్పుడు నేను కొత్త కోడల్ని" అంది అలివేలు. "నన్ను అర్రల పెట్టి బయట గొళ్ళెం పెట్టిన్రు, చూడొద్దని. నీ ఏడుపు ఇన్న. నీ మొఖం చూడలె."

"తర్వాత రోజూ చూస్తనే ఉన్నవ్ గద వదినె."

"రోజూ చూస్తున్న. ఆనాడు చూడలె." ప్రింటులోని తన నుదుటి మీద బొటనవేలు పెట్టి రుద్దింది, మరక తుడిచినట్టుగా. "పొద్దుగాల్నుంచి అర్రల గీ మొఖమే కండ్ల ముందట మెదిలింది. ఊకె కాయితం మీద చూస్తెనే నాకు ఊపిరాడలె. నువ్వు గీ మొఖంతోనే పొయ్యి ముట్టించినవ్, మాధవ్‌ను పెంచినవ్, నా పేరంటాలకు బూరెలు జేసినవ్."

చంద్రమ్మ గిన్నె మీద మూత సరిచేసింది. "పొద్దుగాల్నుంచి తిననే లేదు" అంది చివరకు. "జెరంత పప్పన్నం తిను వదినె. ఏడ్వడానికన్న సత్తువ ఉండాలె."

అలివేలు ఏడుస్తూనే నవ్వింది. తిన్నది. సాయంత్రం మాధవ్ కెమెరా సంగతి ఎత్తబోతే, "అది యాడికి పోదు. నువ్వు ఊకో" అని మాత్రం అంది.

ఇక్కడితో అలివేలు మారిపోయిందని రాస్తే అది అబద్ధం. సోమవారం ఆమె అమ్మవారి గుడికి వెళ్ళి కుంకుమార్చన చేయించింది. బుధవారం రాత్రి మంగళసూత్రాలను కళ్ళకు అద్దుకుంటూ భర్త పక్కన నిద్రపోకుండా కూర్చుంది. జీవితకాలం నేర్పిన భయం ఒక్క ఫోటోతో పోదు. తెలిసినది ఒక్కటే: ఆ భయానికి ఇంతకాలం బాడుగ కట్టింది తాను కాదు, చంద్రమ్మేనని.

గురువారం తెల్లవారాక ఆటో వాకిట్లోకి వచ్చింది. మాధవ్ సంచులు పెట్టాడు. వేదశ్రీ మెడలో కెమెరా వేసుకుని గడప పక్కన నిలబడింది. మామగారు ఇల్లు దాటే క్షణం తీయాలని ఆమె కోరిక, తీయనిస్తారో లేదో తెలియదు. సదాశివ తెల్లచొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు. అలివేలు వాటిని విప్పి మళ్ళీ పెట్టింది.

ఇంట్లోంచి ఎవరైనా పని మీద బయలుదేరితే చంద్రమ్మ వెనక వసారాలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంటుంది. వెళ్ళేవారికి ఎదురు రాకూడదు గనుక. మాధవ్ పరీక్షలకూ, ఉద్యోగానికీ, పెళ్ళికీ బయలుదేరినప్పుడు ఆమె ఆ తలుపు వెనకే ఉంది. తల్లి కన్నా ఎక్కువగా ఎత్తుకు పెంచిన బిడ్డ పెళ్ళికి తరలిపోవడాన్ని ఆమె చెవులతో మాత్రమే తెలుసుకుంది. ఆ రోజూ తలుపు వేసి ఉంది.

"పదున్రి, టైమైతుంది" అన్నాడు మాధవ్.

"ఆగు" అంది అలివేలు. ఏదో మరిచిపోయిందనుకున్నారు. ఆమె ఇల్లంతా దాటి వెనక్కి వెళ్ళి వసారా తలుపు తోసింది.

"చంద్రమ్మా, ముంగటికి రా. మీ అన్నకు ఎదురు రా."

చంద్రమ్మ గోడకు ఆనుకుంది. "వద్దు వదినె. అన్నకు ఏమన్నయితె నన్నంటరు."

"ఎవరంటరు?"

"అందరంటరు." అంతే మెల్లగా చెప్పింది. "నువ్వు గూడ అంటవు."

అలివేలు తల దించుకుంది. ఆ ఇంట్లో ఇన్నేళ్ళలో పలికిన మాటల్లో అంత నిజమైనది మరొకటి లేదు.

"అంటనేమో" అంది. "నాకు భయమైతుంది చంద్రమ్మా. అందుకనే నేనే పిలుస్తున్న. రేపు ఏదన్నయినా నిన్ను అనే నోరు నాకు ఉండొద్దు. రా."

చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఇల్లంతా దాటి ముందుకు వచ్చారు. చంద్రమ్మ ఒక్కతే మెట్టు దిగి, వాకిట్లో వెనక్కి తిరిగి, లోపలి నుంచి వస్తున్న అన్నకు ఎదురుగా నడిచింది. ఎదురింటి గుమ్మంలో లక్ష్మీకాంతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వేదశ్రీ కెమెరా ఎత్తి, భర్త పక్కన నిలిచిన అత్తగారి వైపు చూసింది. ఆ ఫోటోలో తన నుదురు ఎలా పడుతుందో అలివేలుకు ఇప్పుడు తెలుసు. ఆమె ముఖం తిప్పుకోలేదు. తల ఊపింది.

సదాశివ గడప మీద ఆగిపోయాడు. ఆయన ఉద్యోగం చేసిన ఏళ్ళన్నిటిలో, ప్రతి ఉదయం ఈ గడప దాటాడు. దాటేటప్పుడు చెల్లెలి ముఖం ఏనాడూ చూడలేదు. ఆమె ఎందుకు కనిపించదో ఒక్కసారీ అడగలేదు.

"చంద్రా" అన్నాడు. "పోయొస్త."

ఆ మాట ఆమెకు ఆయన చెప్పడం అదే మొదలు. చంద్రమ్మ రెండు చేతులతో అన్న ముఖం పట్టుకుని, ఏడుస్తూ, కళ్ళు దించకుండా చూసింది.

"పోయి రా అన్నా. నేను ఈడనే, గడప మీదనే ఉంట."